బూటు ముందు సగం

“రెండిట్ల ఏదో ఒకటి జెప్పు సారూ,” అన్నాడు బసవరాజు. దవాఖానా వర్క్‌షాపులో కృత్రిమ కాళ్ళు తయారుచేసేది అతనే.

బల్ల మీద రెండు ఉన్నాయి. ఒకటి చీలమండ పైదాకా లేసులతో బిగించే తోలు తొడుగు, ముందు చెక్కతో చేసిన వేళ్ళు. రెండోది నల్లటి బూటు. ముందు భాగంలో స్పాంజి కూరి, అడుగున ఉక్కు పట్టీ వేశారు. అచ్యుతరావు కుడి పాదం ముందు సగం నాచారం ఫ్యాక్టరీలో ఇనప దిమ్మె కింద పోయింది. మిగిలిన సగానికి ఏది తొడగాలన్నదే ఇప్పుడు సమస్య.

“తొడుగయితే ఇంట్ల సుత తిరగొచ్చు. బూటు ఇప్పితే మల్ల సగం కాలే.”

“ఇంట్లో నన్ను చూసేవాళ్ళెవరున్నారు బసవరాజూ? బూటే ఇవ్వు.”

ఆదివారం ఉప్పల్లో పెళ్ళిచూపులు. సత్యవేణి అక్కడి బడిలో టీచరు. బస్‌స్టాపులో ఆమెను చాలాసార్లు చూశాడు గానీ పలకరించే ధైర్యం ఎన్నడూ చేయలేదు. ఈ సంబంధం తప్పిపోతే ఇక పెళ్ళి మాటే ఎత్తనని ఒట్టు పెట్టుకున్నాడు. బట్టతల బ్రహ్మచారి అలాంటి ఒట్టు పెట్టుకుంటే లోకానికి వచ్చే నష్టమేమీ లేదని అతనికీ తెలుసు.

వారమంతా గదిలో కవాతు చేశాడు. కింది వాటావాళ్ళు ఆ చప్పుడు భరించలేక రేడియో గొంతు పెంచారు. శనివారానికి కుంటు పోయింది. అద్దంలో తన నడక చూసుకుని తనే మురిసిపోయాడు.

సంబంధం తెచ్చిన స్నేహితుడు భూషణంతో కలిసి సత్యవేణి తండ్రి పట్టాభిరామయ్య గారి గుమ్మం ముందు నిలబడ్డాక గుర్తొచ్చింది, లోపలికి వెళ్ళాలంటే బూట్లు విప్పాలని. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తున్న మనిషి, ఇన్ని ఎత్తులు వేసి, ఆ ఒక్కటీ మరిచాడు.

“ఇక్కడే కూర్చుందామండీ. వరండాలో గాలి బాగా వస్తోంది,” అన్నాడు. ఆకు కదలడం లేదు.

పట్టాభిరామయ్య అతని కాళ్ళకేసి చూశాడు. “అచ్యుతరావు గారంటే మీరేనా?”

“నేనేనండీ.”

“భూషణం గారు చెప్పింది మీ గురించేనా?”

తన నడకకు ముచ్చటపడుతున్నాడని అచ్యుతరావు పొంగిపోయాడు. లేచి వరండా ఆ చివరిదాకా వెళ్ళి, సన్నజాజి పందిరిని మెచ్చుకుని, చకచకా తిరిగొచ్చాడు. భూషణం చొక్కా పట్టి లాగినా కూర్చోలేదు.

“ఫ్యాక్టరీకి ఎలా వెళ్తారు?”

“బస్సులోనండీ.”

“పరిగెత్తి ఎక్కుతారా?”

“ఉప్పల్లో పరిగెత్తకపోతే బస్సెక్కడ దొరుకుతుందండీ?” కోతలు మొదలెట్టినవాడు కోస్తూనే ఉన్నాడు.

తలుపు చాటున ఎవరో నిట్టూర్చారు. అది మెప్పు కింద జమకట్టుకున్నాడు. సత్యవేణి కాఫీ తెచ్చింది. ఆ బూట్లకేసి ఒక్కసారి చూసి తల దించుకుంది. సిగ్గనుకున్నాడు.

సాయంత్రం భూషణం ఒక్కడే అతని గదికి వచ్చాడు.

“వాళ్ళు వద్దన్నరే అన్నా.”

అచ్యుతరావు మంచం మీద కూలబడి బూటు విప్పాడు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

“కాలు సంగతి తెలిసిపోయిందా?”

“గది నేను ముందే జెప్పిన గదా.”

“చెప్పొద్దన్నాను కదరా.”

“అబద్దమాడి పెండ్లి జేస్తరా అన్నా? అది ఇన్నంకనే ఖుషీగ రమ్మన్నరు. పిల్ల సుత సరే అన్నది.”

అచ్యుతరావుకు అర్థం కాలేదు. “తెలిసి సరే అన్నవాళ్ళు, ఇప్పుడెందుకు వద్దన్నారు?”

“నువ్వు గంత మంచిగ నడిస్తివి, పైంగ ఉరుకుత అంటివి.”

“అది తప్పా?”

భూషణం అతని పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యి వేశాడు.

“పోయినేడు ఆ పిల్ల పెండ్లికొడుకు పీటల మీదినుంచి లేసి ఉరికిండంట.”