తొలి విస్తరి

"నీ కొడుకు చేసుకొచ్చే రెండో పెండ్లానికి పరమాన్నం నేనొండాలెనా? అడగడానికి నోరెట్లొచ్చింది అత్తా నీకు?"

అమృతమ్మ చేతిలోని గంటెను పొయ్యి గడ్డకేసి ఠంగుమని కొట్టింది. అత్త నర్సింగమ్మ బర్రెపాల గంజు తెచ్చి కోడలి ముందు పెట్టింది.

"నీ అంత చిక్కగ ఒండేటోళ్ళు ఈ ఊర్ల ఎవలున్నరే? కొత్త పిల్ల గడపల కాలు వెట్టంగనే నోరు తీపి చెయ్యాలె. ఈపాటికి ఆలేరుల రైలు దిగి బండెక్కి ఉంటరు. జల్ది కానీ."

"పెండ్లికి పిలువ యాదికి లేను. పరమాన్నానికి యాదికొచ్చిన్నా?"

"ఎక్కడో కొల్లాపురం అవతలి సమ్మంధం. గుట్టుగ చేసుకున్నరు. నిన్నేం పిలుస్తరు? ఇన్నేండ్లాయె, నీ కడుపు పండకపాయె. గుర్వయ్య ఎంతకని ఆగుతడు?"

అమృతమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. గంజెత్తి పాలన్నీ వాకిట్లో పారబోద్దామన్నంత కోపం వచ్చింది. కానీ పారబోసి ఎక్కడికి పోవాలి? తల్లీ లేదు, తండ్రీ లేడు. ఈ ఇంట్లోనే ఉండాలి. ఉంటే పెద్దకోడలిగానే ఉండాలి తప్ప, మూలన పడ్డ చీపురులాగా ఉండే రకం కాదామె.

"ఒండుత. గని ఒక్క మాట. గా పిల్ల నోట్లె తొలి ముద్ద నేనే వెడ్త. ఈ ఇంటికి పెద్దదాన్ని నేనని అది గడపలనే తెలుసుకోవాలె. సరేనంటెనే పొయ్యి ముట్టిస్త."

నర్సింగమ్మ ముఖంలో రంగు మారింది.

"వద్దు. నువ్వు బయటికే రావద్దు. వంటింట్లనే ఉండు."

"ఎందుకు రావద్దు? గొడ్రాలి ముఖం చూడొద్దనా?"

"గట్లనే అనుకో!" అని ముసలమ్మ ముఖం తిప్పుకొని వెళ్ళిపోయింది.

అనుకోవాలట! అమృతమ్మ పళ్ళు పటపటా కొరికి పొయ్యి ముట్టించింది. పరమాన్నంతో వచ్చిన చిక్కే అది. కోపమొచ్చిందని విసవిసా లేచిపోవడానికుండదు. పాలు పొంగుతుంటే నానిన బియ్యం పోయాలి, సన్నని సెగ మీద తిప్పుతూనే ఉండాలి, చెయ్యి ఆపితే అడుగంటుతుంది. గంజు అంచుకు కట్టిన మీగడను గీకి గీకి మళ్ళీ పాలల్లోనే కలపాలి. అమృతమ్మ అన్నీ చేసింది. తిట్టుకుంటూ చేసింది. మొగుణ్ణి ఓసారి, అత్తను ఓసారి, ముఖమైనా చూడని ఆ పిల్లను రెండుసార్లు తిట్టింది.

గింజ మెత్తబడి పాలతో ఒక్కటయ్యింది. ఇక బెల్లం వెయ్యాలి. సలసలా కాగే పాలల్లో బెల్లం వేసిందంటే చాలు, పాలు విరిగి నీళ్ళకు నీళ్ళు, ముక్కలకు ముక్కలవుతాయి. వేసి పారేద్దామా అనిపించింది. తిననీ, విరిగిన పరమాన్నం తిని కాపురం చెయ్యనీ! ఛీ, రేపు పేరు పోయేది ఎవరిది? గంజు దించి, సెగ తగ్గిందాకా ఆగి, అప్పుడే బెల్లం కలిపింది. నెయ్యి వేసింది, యాలకలు దంచి వేసింది. ఇల్లంతా కమ్మని వాసన. ఆమెకు మాత్రం కడుపులో మంట మండుతూనే ఉంది.

ఊరంతా చేన్లలో ఉండే వేళ చూసుకొని బండి వాకిట్లోకి వచ్చింది. ఆ చప్పుడు వినగానే అమృతమ్మ గంజు చంకనెత్తుకొని, గంటె పట్టుకొని, నేరుగా ముందరింట్లోకి నడిచింది.

ఆమెను చూడగానే గుర్వయ్య బిక్కచచ్చిపోయాడు. "నువ్వెందుకొచ్చినవ్? లోపలికి పో!" అన్నాడు గొంతు తగ్గించి.

"పోను. ఏం చేస్తవో చెయ్యి."

పసుపు బట్టల పిల్ల తలవంచుకొని గడప దాటింది. పేరు నాగులమ్మ. పట్టుమని ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. గంజు పట్టుకొని నిలబడ్డ అమృతమ్మను చూసి, "ఈమె ఎవలత్తమ్మా?" అని అడిగింది.

"వంటకు పిలిచిన మనిషి తియ్యి," అంది నర్సింగమ్మ గబగబా.

వంటమనిషట! అమృతమ్మ కళ్ళల్లోంచి నిప్పులు రాలాయి. ముందు ముద్ద పెట్టాలి, ఆ తరువాత నేనెవరో చెప్పి అందరి దుమ్ము దులపాలి అనుకొని, గంటెతో పరమాన్నం తీసి, "నోరు తెరువ్ పిల్లా," అంది.

నాగులమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"వద్దమ్మా, ముందు నేను తినొద్దు. మా అవ్వ ఒట్టు వెట్టించుకొని పంపింది."

అంటూనే గోడవారన ఉన్న మోదుగాకు విస్తరి ఒకటి తీసి నేల మీద పరిచింది. గంటె అందుకొని నిండుగా వడ్డించింది. విస్తరి చుట్టూ నీళ్ళు తిప్పి, రెండు చేతులూ జోడించి, అమృతమ్మ వైపు తిరిగింది.

"మొదటామె సచ్చిపోయిన ఇంటికి వచ్చిన పిల్ల, తొలి ఇస్తారి గామెకే వెట్టాలెనట. పాపం, ఏ లోకంల ఉందో. పేరు తల్చుకొని మొక్కాలె. జర చెప్పవా అమ్మా, ఆమె పేరేంది?"

గుర్వయ్య నేల చూపులు చూశాడు. నర్సింగమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"అమృతమ్మ," అని చెప్పి, అమృతమ్మ ఆ విస్తరి ముందు మఠం వేసుకొని కూర్చొని, తొలి ముద్ద తన నోట్లో పెట్టుకుంది.