తదితరుడి ఆమరణ దీక్ష

ఎవరైనా ఒక్క గ్లాసు నిమ్మరసం పట్టుకొచ్చి దీక్ష విరమింపజేస్తారేమోనని ప్రేమ్‌సింగ్ పొద్దుటి నుంచీ రోడ్డు వైపే చూస్తున్నాడు. వచ్చేవాళ్లంతా చేతులూపుకుంటూ వస్తున్నారు.

అసలు ఆమరణ దీక్షకు కూర్చోవాలని అతను అనుకోనే లేదు. నోరు జారింది, అంతే.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. ఊరూరా దీక్షా శిబిరాలే. ప్రతి మండల దవాఖానలో రాత్రింబవళ్లు డాక్టర్ ఉండాలనే బిల్లు అప్పుడే అసెంబ్లీ ముందుకొచ్చింది. దాంతో అతని పార్టీ నిలువునా చీలింది. మన ఎమ్మెల్యేలు వెళ్లి ఓటేయాల్సిందేనని జగపతి వర్గం. రాష్ట్రం వచ్చేదాకా అసెంబ్లీ గడప తొక్కొద్దని సోమనర్సయ్య వర్గం. మండల పార్టీ సమావేశంలో కుర్చీలు గాల్లోకి లేచాయి.

ప్రేమ్‌సింగ్ ఏ వర్గమో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు కూడా. పార్టీలో ఎన్నేళ్లు తిరిగినా పేపర్లో అతను ఉండేది 'తదితరులు పాల్గొన్నారు' అన్నచోటే. ఇంట్లో చూస్తే కొడుకు దినేశ్ భార్య ఉమకు నెలలు నిండుతున్నాయి. తండాలో డాక్టర్ ముఖం చూసినవాళ్లు లేరు. ఆ దిగులూ, ఈ పేరు యావా కలిసి ఒక్కసారిగా తన్నుకొచ్చాయి.

"బిల్లు పాసయ్యేదాంక మంచినీళ్లు తప్ప ఏం ముట్ట!" అని కుర్చీల మధ్య నిలబడి అరిచాడు.

మర్నాడు తండా ముందు, రోడ్డు పక్కన టెంట్‌హౌస్ రజాక్ షామియానా వేసేశాడు. పారిపోవడానికి వీల్లేకుండా మెడలో దండ కూడా వేశారు.

ఆమరణ దీక్షలో ఉన్న మనిషికి సర్కారు రోజూ పరీక్షలు చేయించాలి కాబట్టి పొద్దున్నే జీపులో డాక్టర్ చంద్రమౌళి వచ్చేవాడు. బీపీ చూసి, నాలుక చూసి, చిటికెలో లేచేవాడు. రిపోర్టు రాసుకుంటానని షామియానా వెనక్కి వెళ్తే మాత్రం మధ్యాహ్నం దాకా బయటికొచ్చేవాడు కాదు. తన గురించి అంత రాయాల్సి వస్తోందా అని ప్రేమ్‌సింగ్ గుండె జారేది. కొంచెం గర్వంగానూ ఉండేది.

జనం కూడా సరిగ్గా జీపు వేళకే వచ్చేవారు. కొడకండ్ల నుంచి ఆటోల్లో, కురవి నుంచి ట్రాక్టర్ మీద. ముసలివాళ్లు అతనికి దండం పెట్టి మూలుగుతూ వెనక్కి నడిచేవారు. చంటిపిల్లలైతే గుక్కపట్టి ఏడ్చేవారు. తన కోసం చంటిపిల్లలు ఏడ్వడమేమిటని ఒకసారి అనుమానం వచ్చింది గానీ, ఖాళీ కడుపుతో ఎక్కువసేపు అనుమానించడం కష్టం. ఇంతకాలం తదితరుల్లో మగ్గిన మహానాయకుణ్ణి జనం ఇప్పటికి గుర్తుపట్టారని సరిపెట్టుకున్నాడు.

పోలీసులు ఎత్తుకెళ్లి గ్లూకోజ్ ఎక్కిస్తారని ఒక ఆశ ఉండేది. ఎస్సై మొదట లాఠీతో వచ్చాడు. మర్నాడు వాళ్లమ్మతో వచ్చాడు. ఆవిడ మోకాళ్లు పట్టుకుంటూ నడిచొచ్చి దండం పెట్టింది. "కానియ్యన్నా, మేం అడ్డం రాం" అని ఎస్సై భరోసా ఇచ్చాడు. ప్రేమ్‌సింగ్‌కు ఏడుపొచ్చినంత పనయింది.

"రజాక్ భాయ్, పేపర్ ఏదీ? బిల్లు ముచ్చట ఏమన్న రాసిన్రా?" అని ఈ రోజూ అడిగాడు.

"బంద్ గదన్నా, మొన్నటి సంది పేపర్ల బండే వస్తలేదు" అంటూ రజాక్ తన చేతిలోని మిర్చిబజ్జీల పొట్లాన్ని గబుక్కున వెనక్కి దాచుకున్నాడు. కాగితం మీద ఏముందో చూసే ఓపిక ప్రేమ్‌సింగ్‌కు లేదు. వాసన మాత్రం పూర్తిగా పీల్చుకున్నాడు.

అప్పుడే ఒక బండి వచ్చి ఆగింది. దాని మీద జగపతి, వెనక సోమనర్సయ్య! కుర్చీలు విసురుకున్న ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని రావడం చూసి ప్రేమ్‌సింగ్ కళ్లు చెమర్చాయి. ఇంత పని తనే చేశాడా!

"అన్నా, ఇగ నాతోని కాదు. కండ్లు తిరుగుతున్నయి. జర నిమ్మరసం..."

"గట్లనకు ప్రేమన్నా!" జగపతి రెండు చేతులూ పట్టుకున్నాడు. "నువ్వు లేస్తే జనం ముంగట మా ఇజ్జత్ ఏం గావాలె?"

"పార్టీని ఒక్కటి జేసిన మొగోనివి" అన్నాడు సోమనర్సయ్య. "ఇంకో రెండు దినాలు పట్టు వట్టవా?" అని దగ్గుకుంటూ, దండం పెట్టి, షామియానా వెనక్కి వెళ్లిపోయాడు.

ఇక మిగిలింది జమ్లీ. భార్య మాటంటే అతనికి ఎప్పుడూ భయమే. ఇవాళ ఆ భయమే ఆధారం. ఆమె లెమ్మంటే చాలు, ఇంటిది ఏడ్చిందని చెప్పుకుని పరువుగా లేవొచ్చు. జమ్లీ నీళ్ల చెంబు అందించింది. నీళ్లు కొంచెం తియ్యగా తగిలాయి. రెండు రోజులుగా తగులుతూనే ఉన్నాయి, అతను అడగలేదు.

"జమ్లీ, నువ్వన్న జెప్పవే. లేస్త" అన్నాడు దీనంగా.

జమ్లీకి కళ్లనీళ్లు తిరిగాయి. అటూ ఇటూ చూసి, కొంగుతో అతని నుదురు తుడుస్తూ, ఎవరికీ అర్థం కాకుండా తమ తండా భాషలో చెవిలో చెప్పింది.

"దినేశ్ బాపూ, బిల్లైతే మొన్ననే పాసయింది గని, నువ్వు లేస్తే రేపటి సంది గా డాక్టర్ రాడు, జర ఉమ కాన్పయ్యేదాంక కూసో."