ముంగటి రెండు పండ్లు

నల్లా దగ్గర నిలబడి పరశురాం నోట్లోంచి దారం లాగుతుంటే అండాలు చాయ్ గ్లాసు పట్టుకొని గడపలోంచి చూసింది.

పంటి సందులో దారం దూర్చి ఇటూ అటూ గీకాడు. వచ్చిందాన్ని వెలుతురుకు పట్టి చూసుకున్నాడు. తర్వాత చిటికెన వేలంత బ్రష్షు తీసి చిగురు మొదట్లో పొడిచాడు. గుడగుడా పుక్కిలించి మోరీలో ఉమ్మాడు.

థూ, ఏం మనిషో ఏమో అనుకుంటూ అండాలు తాగబోతున్న చాయ్ పారబోసింది.

నల్లగొండలో వాళ్లది చిన్న ఇల్లు. వాకిట్లో ఒకటే నల్లా. ముందు గది పరశురాంకు కిరాయికిచ్చి నాలుగు నెలలైంది. దవాఖానలో పని అన్నాడు. అంటే రోగుల చీమూ నెత్తురూ ఎత్తిపోసే పనే అయుంటుందని ఆమె తనకు తానే తీర్మానించుకుంది. ఆ చేతులు గుర్తొస్తే ముద్ద మింగుడు పడేది కాదు.

పైగా ఆ పాడు చూపొకటి.

గది చూడడానికి వచ్చిన రోజు ఆమె ఏదో మాటకు నవ్వింది. అంతే, కళ్లార్పకుండా నోటివంకే చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత ఎదురుపడ్డప్పుడల్లా అదే వరస. యాభై దాటిన ఆడదాని మూతిలో ఏముందని అంత చూడడం? సిగ్గూ శరం ఉండొద్దా?

నిజానికి అండాలు ప్రాణమంతా ఆ మూతిలోనే ఉంది.

చిన్నప్పుడు మర్రిగూడ దిక్కు ఫ్లోరైడు బోరునీళ్లు తాగి పెరిగిన మనిషి. పళ్లన్నీ గారపట్టాయి. పెళ్లి ఫోటోలో కూడా పెదవి విప్పలేదు. ముందటి రెండూ ఊడిపోయాక ఏడాది పాటు బయట మాట్లాడడమే మానేసింది. నిరుడు పళ్ల డాక్టరు దవడ ఎముకలోకి మేకులు దించి, వాటిమీద కొత్త పళ్లు బిగించాడు. పక్క పళ్లలో ఎంత చక్కగా కలిసిపోయాయంటే, పెట్టుడువని ఒక్కరూ పోల్చలేదు. ఆ గుట్టు మొగుడు ఎల్లేశానికి తప్ప ఎవరికీ తెలియదు.

వాటిని కాపాడుకోవడంలో మాత్రం ఆమె తీరే వేరు. బ్రష్షు తగిలితే ఊడతాయేమోనని అటువైపు పోనిచ్చేదే కాదు. సొంత పళ్లకైతే పురుగు పడుతుంది గానీ మేకులకేం పడుతుంది? డాక్టరు ఇచ్చిన దారం చుట్టతో బతుకమ్మకు తంగేడు పూలు కట్టింది. ఎట్లా తోముకోవాలో రాసిచ్చిన కాగితం ఎటు పోయిందో కూడా తెలియదు.

ఈ మధ్య ఇంట్లో ఒకటే కంపు. కుళ్లిన ఉల్లిగడ్డ కంపు. ఫినాయిలు పోసింది, బ్లీచింగు చల్లింది, లాభం లేదు. రోజూ వాడు మోరీలో ఉమ్ముతుంటే కంపు కొట్టక ఏం చేస్తుంది?

ఒకనాడు వాకిట్లో ఎవరూ లేనప్పుడు పరశురాం దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"అక్కా, ఏమనుకోకుండ్రి. గా ముంగటి రెండు పండ్ల మొదట్ల దారం తిప్పుతున్నరా? చిగురు వాసినట్టున్నది."

మాట్లాడుతూ మూతికేసి వేలు చూపించాడు.

అండాలుకు ఒళ్లు జలదరించింది. చీము ఎత్తే వేలు తన మూతి మీదికి రావడమా! అసలు ఆ రెండే అని వీడికెట్లా తెలిసింది? వాడకట్టంతా చెప్పుకుంటూ తిరిగితే?

"నా నోటి సంగతి నీకెందుకు? రేపు పొద్దుగాల గది ఖాళీ చెయ్యి."

వారం గడువివ్వమన్నాడు. ఆమె ఇవ్వలేదు. సామాను ఆటోలో వేసుకొని పోతూ, విప్పని చిన్న బ్రష్షుల ప్యాకెట్టు గడప మీద పెట్టాడు. దాన్ని ఆమె చేత్తో ముట్టకుండా చీపురుతో చెత్తలోకి తోసింది.

గది కడిగింది. నల్లా గద్దె కడిగింది. కంపు మాత్రం పోలేదు.

నెల గడిచింది. ఎల్లేశం అన్నం పళ్లెం పట్టుకొని అరుగు మీదికి పోయి తింటుంటే, మోరీ కంపు లోపలికీ వస్తోందా అని అడిగింది.

"మోరీది కాదే. నీ నోట్లకెళ్లి వస్తాంది. ఆర్నెల్ల సంది."

ఇన్నాళ్లూ చెప్పలేదేమంటే, చెబితే బతకనిస్తవా అని తల వంచుకున్నాడు.

అండాలు అద్దం ముందు నిలబడి చిగురు నొక్కింది. వేలికి చీము అంటింది. వాసన చూసుకుంది. అక్కడే భళ్లున కక్కుకుంది. తన నోరంటే తనకే అసహ్యమేసింది.

మర్నాడు డాక్టరు లోపలంతా చూసి, చిగురు కింద ఎముకను చీము తినేసిందని, రెండూ తీసేయాల్సిందేనని చెప్పాడు. పూటపూటా బ్రష్షు, రోజుకోసారి మొదట్లో దారం, ఆర్నెల్లకోసారి చూపించుకోవడం, ఇంతే కదమ్మా చెప్పింది అని నొచ్చుకున్నాడు.

మళ్లీ అట్లాంటివే పెట్టమని అండాలు చేతులు జోడించింది.

"మేకులైతే ఎముక మానినంక చూద్దాం. గట్లాంటి పండ్లు మాత్రం రావమ్మా. తెల్లగ ఎవలైనా చేస్తరు. పక్క పండ్ల గార చూసి, గా మరకను అచ్చం దించేటోడు మా దగ్గర ఒక్కడే ఉండె. ఉన్న గది ఖాళీ చేయిస్తే మనసిరిగి, జడ్చర్ల దిక్కు వాళ్ల ఊరికి పోయిండు."

పేరు అడిగే ధైర్యం అండాలుకు రాలేదు.

డాక్టరే చేతులు కడుక్కుంటూ చెప్పుకుపోయాడు.

"పండ్లు చేసేటోళ్లకు, అవి ఎవలి నోట్ల ఉన్నయో ఎరుకుండది. పరశురాం మాత్రం ఎప్పుడూ ఒకటే చెప్పి సంబరపడేటోడు. ఇరవై ఏండ్లల్ల తను చేసిన పండ్లు నవ్వంగ చూసింది ఒక్కసారేనట, గది కిరాయికిచ్చిన అక్క నోట్ల."