పంతొమ్మిది సెకన్లు

“ఆ ప్రింటు లైను తీసెయ్, ప్రమీలా. మిషన్ ఎంత సేపు వెతికిందో సూడాలె గాని, కాయితం మీద ఎంత సేపు కొట్టిందో కాదు,” అన్నాడు గౌస్.

ప్రమీల తీసేసింది. అతని ప్రోగ్రాంలోనూ, తన ప్రోగ్రాంలోనూ.

అది 1994. కామారెడ్డి స్టేషన్ రోడ్డులో మొయినుద్దీన్ సేటు కంప్యూటర్ సెంటర్. ఎల్లారెడ్డి వైపు ఊళ్లవి ఆరు వేల ఓటర్ల పేర్లు వాళ్ల చేతికి వచ్చాయి. ఒకే పేరు రెండు చోట్ల ఉంటే పట్టుకోవాలి. ప్రతి పేరునూ మిగతా పేర్లన్నిటితో అక్షరం అక్షరం పోల్చాలి. మామూలుగా రాస్తే ఆ పనికి నలభై ఎనిమిది సెకన్లు పట్టింది. గౌస్ మూడు నెలలు కూర్చుని, పేర్లు పోల్చే ముక్కను మిషన్ సొంత భాషలో, అసెంబ్లీలో, చేత్తో రాశాడు. పంతొమ్మిదికి దించాడు.

పోయిన వారం నిజామాబాద్ నుంచి ప్రమీల కొత్తగా పనిలో చేరింది, సంచిలో కొత్త కంపైలర్ ఫ్లాపీలతో. మనం రాసినదాన్ని మిషన్ భాషలోకి మార్చేది కంపైలరే. ఇది మార్చడంతో ఆగదనీ, వేగం కూడా పెంచుతుందనీ ఆమె సేటుకు చెప్పింది.

సేటు పందెం పెట్టాడు. “ఎవరిది ఆలస్యమైతే వాళ్లు సోమవారం నుంచి ఎల్లారెడ్డి బ్రాంచిల కూసొని పేర్లు కొట్టాలె. వాళ్ల కోడు నా మిషన్ల ఉండొద్దు.”

ఎల్లారెడ్డి బ్రాంచి అంటే ఒక గది, ఒక కీబోర్డు.

పొద్దున రెండు ప్రోగ్రాములూ నలభై ఒక్క పేర్లు పట్టుకుని అచ్చు వేశాయి. రెండు జాబితాలూ ఒకటే. ఇక తేలాల్సింది వేగం.

“అన్నా, ఇంకా చేత్తోని రాసుడేంది? కంపైలర్ సూసుకుంటది గదా. పనికిరాని లైన్లుంటే అదే తీసేస్తది,” అంది ప్రమీల.

“మరి నా అసెంబ్లీ?”

“దాన్ని ముట్టదు. మీరెట్ల రాస్తే గట్లనే ఉంచుతది.”

“ముట్టనే వద్దు. ఒక్కొక్క లైనుకు ఒక్కొక్క రాత్రి పోయింది నాకు.”

సేటు నవ్వాడు. “పనికిరాని పని చెయ్యదా? మా హన్మంతు గూడ గంతే. నేను సూడని రోజు ఊడ్వడు.”

గుమ్మం దగ్గర అటెండరు హన్మంతు చీపురు పట్టుకుని, విననట్టు నిలబడ్డాడు.

గౌస్ ప్రోగ్రాం నడిచింది. తెర మీద 19 పడింది.

ప్రమీల ప్రోగ్రాం నడిచింది. తెర మీద 0 పడింది.

“గడియారం ఖరాబైంది,” అన్నాడు గౌస్.

మూడు సార్లు నడిపారు. అతనిది పంతొమ్మిది, పంతొమ్మిది, పంతొమ్మిది. ఆమెది సున్నా, సున్నా, సున్నా.

“పేర్లు రెండింతలు చెయ్. గప్పుడు సూద్దాం దాని ఆయాసం.”

పన్నెండు వేల పేర్లతో గౌస్ ప్రోగ్రాంకు డెబ్బై ఆరు సెకన్లు పట్టింది. ఆమెది సున్నా.

“సేట్, గిది అయ్యే పని కాదు. దునియాల ఏ మిషనన్న...”

“ఇగ సాలు భాయ్. సున్నా కంటే తక్కువ యాడికెళ్లి తెస్తవ్?”

“మూడు నెలలు కూసున్న సేట్.”

“మూడు నెలలు నేను గూడ జీతమిచ్చిన గదా.”

సేటు పక్కన నిలబడి చూస్తుండగా గౌస్ తన కోడు తానే చెరిపేశాడు. దాచుకున్న ఫ్లాపీ కూడా చెరిపించాడు సేటు.

గౌస్ లేస్తుంటే ప్రమీల అంది, “నా ప్రోగ్రాంను కంపైలర్ మిషన్ భాషల ఎట్ల రాసిందో కాయితం మీద తీసిస్త, అన్నా. నాకు గా భాష రాదు. మీరే సదువుకోండ్రి.”

“దాని మాయ నేను సదువుడెందుకు?” అని విసుక్కున్నాడు గౌస్. అయినా తీసుకున్నాడు.

సోమవారం ఏడు గంటల ఎల్లారెడ్డి బస్సెక్కాడు. లింగంపేట దాటాక కిటికీ పక్కన సీటు దొరికింది. కాగితం విప్పి, పేర్లు పోల్చేచోట తను చెయ్యనిది కంపైలర్ ఏం చేసిందా అని వేలు పెట్టి వెతికాడు. దొరికిన పేర్లు అచ్చు వేసే ప్రింటు లైను లేదు. అది తను తీయించిందే. మొదలుపెట్టిన టైము అడిగే లైను ఉంది. ముగిసిన టైము అడిగే లైను దాని కిందే ఉంది.

రెంటి నడుమ పేర్లు వెతికే లైను ఒక్కటీ లేదు.