వాసన తేడా

“ఇప్పుడు కుదరదు. వచ్చేవారం రండి,” అంది కెమిస్టు, తలెత్తకుండానే.

ల్యాబ్ కిటికీ అవతల నిలబడ్డ ముసలాయన నూనె సీసాను ఇంకాస్త ముందుకు జరిపాడు.

“వాసన తేడాగా ఉందమ్మా. మధ్యాహ్నంలోపు చూసి చెబితే చాలు. పొయ్యి ఆర్పి వచ్చాను.”

“ఎక్కడిదీ నూనె?”

“కొత్త డబ్బాలోదమ్మా.”

ఆమెకు విసుగొచ్చింది. పక్క కొట్టువాడి మీద కడుపుమంటతో ఇలా సీసాలు మోసుకొచ్చేవాళ్లను చాలామందినే చూసింది.

“మీ వ్యాపారం గొడవలు మీరూ మీరూ తేల్చుకోండి పెద్దాయనా. మమ్మల్ని మధ్యలోకి లాగకండి.”

ముసలాయన గోడ గడియారం వైపు చూశాడు. సీసా అక్కడే వదిలేసి గబగబా మెట్లు దిగిపోయాడు.

భోజనాలయ్యాక బల్ల సర్దుతూ ఆమె సీసా మూత తీసింది.

కుళ్లిన వెల్లుల్లి లాంటి ఘాటు!

ఆమె మనసు ఊరుకోలేదు. సన్నటి గాజు గొట్టంలో సోడియం ముక్క, నాలుగు చుక్కల నూనె వేసి, ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచింది. గొట్టం ఫట్‌మని పగిలింది. ఆ నీళ్లను మరిగించి వడకట్టింది.

కొంచెం తీసి పరీక్ష మందు చుక్క వేయగానే ఊదారంగు తిరిగింది. గంధకం ఉంది.

మిగతాది ఆమ్లంతో మరిగించి మాలిబ్డేట్ అనే మరో పరీక్ష మందు కలిపింది. అడుగున పసుప్పచ్చటి మడ్డి. భాస్వరం కూడా!

వంటనూనెలో వీటికేం పని? రెండూ కలిసి ఉన్నాయంటే పురుగుమందే!

ఆమె వీధిలోకి పరుగెత్తింది. వాచ్‌మన్‌ని అడిగింది, ఎదురుగా టీ కొట్టాయన్ని అడిగింది. ముసలాయన ఎవరో, ఎటు వెళ్లాడో ఎవరికీ తెలీదు. పై అధికారికి ఫోన్ చేస్తే, “ఎక్కడని వెతకమంటావమ్మా?” అన్నాడు.

ఏ ఇంటివాడో ఒక్క మాట అడిగితే తన సొమ్మేం పోయేది?

సాయంత్రం ఇంటికొచ్చేసరికి కూతురు గుమ్మంలోనే కూర్చుని ఉంది.

“అమ్మా, ఆకలేస్తోంది. ఇవాళ బళ్లో అన్నం పెట్టలేదు.”

“అదేం?”

“నూనె బాలేదని మా వంట తాత పెట్టనన్నాడు. వట్టి వాసన చూసి ఎలా చెబుతావని హెడ్మాస్టరు గారు కేకలేశారు. అయినా గరిటె వదల్లేదు.”

ఆమె పాప భుజాలు పట్టుకుంది.

“తాత ఏడీ ఇప్పుడు?”

పాప కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే పోయాడటమ్మా... పరీక్ష చేసేవాళ్లెవరూ చెయ్యలేదని, మాకు పెట్టే ముందు తనే తిని చూశాడు.”