సైటోడి బాకీ

"సైటోడు ఈ నెల గూడ ఎగవెట్టిండా అన్నా?"

ఫోనులో యాదగిరి గొంతు నవ్వుతున్నట్టే ఉంది. నవ్వడం లేదని రాజేశానికి తెలుసు.

"ఎగవెట్టలే. లేటయితదన్నరు. పది దినాలు ఆగు."

"ఆగుత. ఆగక ఏం జేస్త."

ఫోను పెట్టేసి రాజేశం బియ్యం కడిగాడు. ఆరుగురికి వండే గిన్నెలో ఒక్కడి బియ్యం అడుగున ఎక్కడో కనిపిస్తాయి. చిన్న గిన్నె కొనుక్కోవాలని మూడేళ్లుగా అనుకుంటూనే ఉన్నాడు.

సౌదీలో, సులైలోని ఆ లేబర్ క్యాంపు గదిలో ఒకప్పుడు ఆరు మంచాలకూ మనుషులుండేవారు. అందరూ జగిత్యాల చుట్టుపక్కల వాళ్లే. శుక్రవారం వచ్చిందంటే రాజేశం ఫోను చుట్టూ మూగేవారు. ఆన్‌లైన్ పోకర్. ఇంగ్లీషు చదవగలిగినవాడు అతనొక్కడే కాబట్టి ఖాతా అతని పేరు మీదే. ఆట నేర్పిందీ, తలా ఎనిమిది వందల రియాళ్లు వేద్దామని వద్దన్నవాళ్లను కూడా ఒప్పించిందీ అతనే. ఆడేది అతనైతే సలహాలు ఐదుగురివీ. చిత్రంగా గెలిచారు కూడా. తలా రెండున్నర వేలు వచ్చేటట్టుంది. ఇక చాలనుకుని, డబ్బు పంపమని సైటుకు రాశారు. ఏడు పనిదినాల్లో పంపుతామని జవాబు వచ్చింది. ఏడు వారాలైనా డబ్బు రాలేదు.

ఇంతలో స్థానికుల కోటా చూసే నితాఖత్ లెక్కల్లో వాళ్ల కంపెనీ ఎరుపు జాబితాలో పడింది. సరిపడినంత మంది సౌదీలు పనిలో లేరని అక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు ఎవరికీ రెన్యువల్ కాలేదు. గడువు తీరినవాళ్లకు తీరినట్టు ఎగ్జిట్ వీసా కొట్టి ఇంటికి పంపేశారు. ఎయిర్‌పోర్టు బస్సు ఎక్కుతూ యాదగిరి అడిగింది కూడా ఆ మాటే.

"అన్నా, మా పైసలు?"

"పంపుత. నా పూచీ," అన్నాడు రాజేశం.

ఐదుగురూ వెళ్లిపోయారు. రాజేశం మాత్రం ఉండిపోయాడు. దగ్గర్లోని గోదాము యజమాని అతన్ని తన కఫాలా మీదికి, అంటే తన పూచీ మీదికి, మార్చుకున్నాడు, పరాయి దేశపు పనివాళ్ల మీద సర్కారు వేసే లెవీ జీతంలో కోసుకుంటానన్న షరతు మీద. క్యాంపు ఖాళీ కావడంతో పాత గదే చౌకగా దొరికింది.

సైటు వాళ్లు ఒక్కసారే ఇవ్వరట, విడతలుగా ఇస్తారట అని ఐదుగురికీ ఫోను చేసి చెప్పాడు. చెప్పినట్టే నెలనెలా బత్తా బజారుకు వెళ్లి డబ్బు పంపుతూ వచ్చాడు. ఒక నెల ఐదొందలు, ఒక నెల మూడొందలు. ఒకరి వంతు తీరాక ఇంకొకరికి. లెవీ పెరిగిన జనవరిలో ఎవరికీ ఏమీ పోలేదు. సైటు వాళ్లకు కొత్త సంవత్సరం సెలవులని చెప్పాడు. ఊళ్లో ఆ సైటోణ్ణి తిట్టని నోరు లేదు.

భార్య పుష్ప సైటుని తిట్టేది కాదు.

"అందరి మొగండ్లు అచ్చిండ్రు. నువ్వెందుకు అస్తలేవు? సైటోడు నీకేమన్న చుట్టమా?"

"లెక్క తెగనీ, అస్త."

"ఇంక ఆడుతున్నవా?"

"లేదు."

ఆమె వెంటనే ఫోను కూతురికి ఇచ్చేసేది. నమ్మలేదని అతనికి అర్థమయ్యేది. కూతురు సంధ్య పదో తరగతి పాసై స్వీటు పంచిన రోజు అతను తెర మీదే చూశాడు. పిల్ల ఒక ముక్క ఫోను దగ్గర పెట్టి, తను తినేసింది.

శుక్రవారాలు కూడా గోదాములో సరుకు దింపడానికి పోయేవాడు. ఖాళీ మంచాల మధ్య కూర్చుని ఏం చేయాలనేవాడు.

నలుగురి వంతులూ తీరిపోయాయి. యాదగిరిది ఆరొందలు మిగిలింది. పది రోజులన్నది పన్నెండైంది. యాదగిరి మళ్లీ ఫోను చేశాడు. ఈసారి నవ్వు లేదు.

"అన్నా, ఒక్క ముచ్చట. మనసుల పెట్టుకోకు. సైటోడు నీకు ఎప్పుడో మొత్తం ఇచ్చిండట. నువ్వే మిత్తికి తిప్పుకుంట మాకు కొసరి కొసరి పంపుతున్నవట."

"ఎవలన్నరు?"

"అందరంటున్నరు. నేను నమ్మలే." గొంతు తగ్గించాడు. "కొంచెం నమ్మిన."

రాజేశానికి ఏదో నోటిదాకా వచ్చింది. కిటికీలోంచి క్రేన్ చప్పుడు వినిపిస్తోంది. లేచి కిటికీ మూశాడు.

"ఎల్లుండి ముడుతయి. గదే ఆఖరి విడత," అన్నాడు.

అన్నట్టే ఆరొందలూ పంపాడు. అటునుంచి అటే యజమాని దగ్గరికి వెళ్లి ఎగ్జిట్ అడిగాడు. మంచం కిందనుంచి సూట్‌కేసు లాగి దుమ్ము తుడుస్తుంటే యాదగిరి ఫోను.

"ముట్టినయి అన్నా. ఆ రోజు నోరు జారిన, ఏమనుకోకు. ఎంత సతాయించినా సైటోడు మంచోడే, పైసతో సహా ఇచ్చిండు. మా బామ్మర్ది గూడ సౌదీలనే, జిజాన్‌ల ఉన్నడు. ఆడుత అంటున్నడు. ఆ సైటు ఏందో జర చెప్పరాదు?"

"వద్దు. ఆడద్దని చెప్పు."

"ఎందుకే? ఇచ్చేటోడే గద?"

రాజేశం సూట్‌కేసు తెరిచి బట్టలు సర్దసాగాడు. ఎవరికీ ఒక్క రియాలైనా ఇవ్వకుండా ఆ సైటు మూతపడి మూడేళ్లయిందని అతనొక్కడికే తెలుసు.