పేజీ అడుగున మిగిలిన చోటు

ప్రూఫు కాగితాలు చదువుతున్న భార్య పకపకా నవ్వింది.

రచయితకు అర్థం కాలేదు. అది హత్య జరిగే అధ్యాయం. అందులో నవ్వడానికేముంది?

"ఏమిటంత నవ్వు?"

"మీ ప్రూఫులాయన అంచున పెన్సిలుతో ఏం రాశారో వినండి. 'హీరో ఈ పేజీలో నాలుగుసార్లు మౌనంగా కిటికీలోంచి చూశాడు. మెడ పట్టేస్తుందేమో!'"

రచయిత మొహం ముడుచుకున్నాడు. పదేళ్ళ కాపురంలో తన మాటకు ఆమె అలా ఎప్పుడు నవ్విందో గుర్తు తెచ్చుకోబోయాడు. గుర్తు రాలేదు.

కాలు బెణికి అతను మంచం దిగలేకపోవడంతో, ఆ వారం ప్రూఫులు ప్రెస్సుకు భార్యే తీసుకెళ్ళింది. అరగంట పని. రెండు గంటలకు గానీ రాలేదు.

"ఇంతసేపేం చేశావు?"

"మీ హీరో గురించే మాట్లాడుకున్నామండీ. వాడు తుపాకీకి భయపడడట. 'నీకేం కావాలి?' అని హీరోయిన్ ఎక్కడ అడుగుతుందోనని భయపడతాడట. ఎంత బాగా చెప్పారో!"

రచయితకు ఒళ్ళు మండింది. హీరోని పుట్టించింది తను. వాడి మనసులో ఏముందో ప్రూఫులు దిద్దేవాడెవడో తన భార్యకు చెప్పడమేమిటి?

"ఎలా ఉంటాడు ఆ ప్రూఫులవాడు?"

"మీ వయసే ఉంటుంది. చొక్కాకి ఇస్త్రీ ఉండదు."

"చొక్కా కూడా చూశావన్నమాట!"

"కళ్ళు మూసుకుని మాట్లాడమంటారా?" అని ఆమె మళ్ళీ నవ్వింది.

తర్వాతి వారానికి కాలు నయమైంది. అయినా "నేనే ఇచ్చొస్తాలెండి" అందామె. అద్దంలో ఓసారి చూసుకుని మరీ బయల్దేరింది. రచయిత కిటికీ దగ్గరికి నడిచాడు.

ఆమె వీధి మలుపు తిరగగానే పబ్లిషరుకి ఫోన్ చేశాడు.

"ప్రూఫులు చూసేవాణ్ణి మార్చండి."

"అదేంటండీ! పదకొండేళ్ళుగా మీ పుస్తకాలన్నీ ఆయనే చూస్తున్నారు. ఒక్క తప్పయినా..."

"వాడైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

"సరేనండీ" అన్నాడు పబ్లిషరు.

రెండు నెలలకు నవల అచ్చయి వచ్చింది. భార్య ఏకబిగిన చదివింది. ఆఖరి కాగితం తిప్పి వెనకవైపు కూడా చూసింది.

"అయిపోయిందా? మీవాడు ఈసారి నోరు విప్పలేదేం?"

"వాడెప్పుడు విప్పాడు? విప్పడు. అదే వాడి గొప్ప."

"భలేవారే! ప్రతి నవల్లోనూ చివర ఒక్కమాట అంటాడుగా. దానికోసమే కదా మూడొందల పేజీలు వాడి బింకం భరించేది!"

ఆమె అతని మొదటి నవల తీసి చివరి పేజీ చదివింది.

"'నాకు భయమంటే తెలీదని అందరూ అంటారు. నువ్వు పది నిమిషాలు ఆలస్యంగా వచ్చిన రోజు, వాళ్ళని వచ్చి నా మొహం చూడమను.'"

పుస్తకాన్ని గుండెకు ఆనించుకుంది.

"ఇలా రాయగలిగిన మనిషిని చూడాలనే కదా ఆ రోజు మీ తలుపు తట్టాను."

చివరి పేజీ నచ్చి వచ్చానని ఆమె అప్పట్లోనే చెప్పింది. కారు లోయలో పడే ఘట్టం గురించి కాబోలని రచయిత ఇన్నేళ్ళూ మురిసిపోయాడు. అచ్చయిన తన పుస్తకాన్ని అతనెన్నడూ తెరిచి చూడలేదు.

పక్క గదిలోకి వెళ్ళి అలమరలోంచి ఆ నవల పాత కాగితాల కట్ట దించాడు. రాతప్రతిలో కారు పడిపోవడంతోనే కథ ముగిసింది. ఆ మాట లేదు. దాని కింద, అచ్చయ్యాక ప్రెస్సువాళ్ళు తిప్పి పంపిన చివరి ప్రూఫు ఉంది. పేజీ అడుగున పెన్సిలు రాత.

"ఇక్కడ రెండు లైన్లకు చోటు మిగిలింది. పేజీ బోసిగా ఉంది. మీకు అభ్యంతరం లేకపోతే ఇది చేరుస్తాను."

కింద ఆ మాట. పక్కనే, చదవకుండా పెట్టేసిన తన సంతకం.

రచయిత ఆ కాగితాన్ని కట్టలోంచి విడిగా లాగాడు. ఆమె తనని చేసుకుంది ఆ మాట చూసి. ఆ మాట తనది కాదు. ఈ సంగతి తెలిస్తే ఆమె తనకు మిగులుతుందా?

పబ్లిషరుకి ఫోన్ చేశాడు.

"ఆ ప్రూఫులాయన ఊళ్ళో లేరండీ. ఎక్కడికెళ్ళారో ఎవరికీ తెలీదు. వెళ్ళేటప్పుడు మిమ్మల్ని ఒక్కమాట కూడా అనలేదు."

ఫోన్ పెట్టేసరికి భార్య గుమ్మంలో ఉంది.

"ఏం వెతుకుతున్నారు?"

ప్రూఫు కాగితాన్ని వీపు వెనక దాచుకున్నాడు.

"ఏం లేదు. ఆ ప్రూఫులాయనతో... ఆ చివరి మాట సంగతి ఎప్పుడైనా అన్నావా?"

"మొదటి రోజే చెప్పాను. ఇది రాసిన మనిషిని వెతుక్కుంటూ వచ్చి మరీ పెళ్ళి చేసుకున్నానని."

"ఏమన్నాడు?"

"కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. తర్వాత నవ్వి, 'మీవారు బాగా రాశారమ్మా' అన్నారు."